గాయానికి మందు టి.సి.యా?

విద్యార్థి తన శరీరాన్ని తానే గాయపరచుకున్నాడని తెలిసినప్పుడు మన బడులు చేసే మొదటి పని యేమిటి? నలుగురి ముందు నిలబెట్టి చొక్కా చేయి పైకెత్తించడం, "ఇదంతా నాటకం" అని తేల్చడం, తల్లిదండ్రులను రప్పించి టి.సి. చేతిలో పెట్టడం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఉపాధ్యాయ మిత్రుల నోట దీనికి రెండు సమర్థనలు విన్నాను. రెండూ నిలవవు.

మొదటిది క్రమశిక్షణ వాదం. వొకణ్ణి వదిలితే పదిమంది నేర్చుకుంటారట! గాయం చేసుకున్న ప్రతి బిడ్డా చావు కోరినట్టు కాదు. చెప్పుకోలేని బాధను భరించడానికి వెదుక్కున్న దారి అది. అలాగని తేలికగా తీసుకోరాదు. రేపు ప్రాణానికే ముప్పు రావచ్చు. తిడితే బాధ పోదు, పొడుగు చేతుల చొక్కా కిందికి పోతుంది. భయం లేని చదువును బోధించిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లెలోనైనా యీ సంగతి తెలియవద్దా?

రెండవ వాదం మనవాళ్లదే. "మూలం వ్యవస్థలో వుంది, ర్యాంకుల వ్యాపారం పోనిదే యీ ఓదార్పులన్నీ పైపూతలే" అంటారు. మూలం అక్కడే వుందని నేనూ అంటాను. కుప్పంలో బెంగుళూరు రైలెక్కి కూలికి పోయే తల్లికి బిడ్డ మొహం చూసే తీరిక యెక్కడిది? కాని వ్యవస్థ మారేదాకా నెత్తురు ఆగుతుందా? యంత్రంలో చెయ్యి నలిగిన కార్మికునికి కట్టు కట్టకుండా వర్గపోరాటంపై ఉపన్యాసమిచ్చే కార్యకర్తను యేమంటాం?

పైగా యీ కట్టు ఇప్పుడు హక్కు. 2023లో విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుతూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పింది. వందమంది, అంతకు పైబడి విద్యార్థులున్న సంస్థలో కనీసం వొక కౌన్సిలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో వుండాలన్నది. బోధన, బోధనేతర సిబ్బందికందరికీ యేటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలన్నది. అందులో ఆత్మహాని యెదురైనప్పుడు యేం చేయాలన్నదీ వొక పాఠం.

ఆ పాఠం కొండంత శాస్త్రం కాదు. గాయాన్ని చూసింది లెక్కల మాస్టరైనా, హాస్టలు ఆయా అయినా, ముందు తాము బెదరగూడదు. గాయానికి వైద్యం చేయించాలి. విడిగా కూర్చోబెట్టి, యెందుకు చేశావని నిలదీయక, "యేం కష్టమొచ్చింది నాయనా?" అని అడిగి, చెప్పింది వినాలి. చచ్చిపోవాలని వుందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే వొంటరిగా వదలక వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. యెవరికీ చెప్పనని మాట ఇవ్వరాదు. యెవరికి, యెందుకు చెబుతున్నదీ బిడ్డకు ముందే చెప్పాలి. 2022 నుండి పనిచేస్తున్న ఉచిత టెలి-మానస్ నంబరు 14416 ప్రతి బడి గోడమీదా వుండాలి. మరునాడూ, ఆ మరునాడూ పలకరించాలి.

జీతాల కోసం ఉపాధ్యాయ సంఘాలు, ఫీజుల మీద విద్యార్థి సంఘాలు వీధికెక్కుతాయి, ఎక్కవలసిందే. కౌన్సిలరు యేడని, శిక్షణ యెప్పుడని యాజమాన్యాలనూ ప్రభుత్వాన్నీ అదే గొంతుతో అడగాలి. గాయపడ్డ బిడ్డను గేటు బయటికి నెట్టి, సమాజాన్ని మారుస్తామంటే యెవరు నమ్ముతారు?