బొటనవేలు మార్చుకోమంటారా?

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. కార్డు పోతే బ్యాంకుకు ఫోన్ చేసి ఆపేయిస్తాం. సిర్గాపూర్‌లో ఉపాధి కూలి డబ్బుకు వచ్చిన అవ్వ వేలిముద్ర దొంగల పాలైతే ఆమె ఏం మార్చుకోవాలి?

నారాయణఖేడ్ వైపు ఏ పల్లెలోనైనా డబ్బులు పడ్డ రోజు నిలబడి చూడండి. పత్తి ఏరి ఏరి గీతలు అరిగిపోయిన వేళ్లు. వేలిముద్ర మిషను చదవదు. "పడ్తలేదవ్వా, కొంగుతోని తుడ్చి మళ్లా పెట్టు" అంటాడు మిషను పట్టుకుని డబ్బులిచ్చే పిల్లగాడు. తుడిచి పెడుతుంది. మళ్లీ పడలేదంటాడు. మూడోసారికి పడుతుంది. మొదటి రెండుసార్లు నిజంగానే పడలేదా, పడి పైసలు ఇంకో దిక్కు పోయినయా? చీటీ అడగాలని ఆమెకు తెలియదు. అడిగితే రోల్ అయిపోయిందంటారు. మెసేజ్ పోయేది కొడుకు ఎప్పుడో పారేసిన సిమ్‌కు. ఈ పిల్లగాళ్లంతా దొంగలని నేననను, ఎండలో కూర్చుని ఊరికి మేలు చేస్తున్నవాళ్లే ఎక్కువ. కానీ ఆమె కష్టార్జితానికి అతని మంచితనం తప్ప వేరే తాళం లేకపోవడం ఏమిటి? ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడుంటే చాలు. ఓటీపీ లేదు, పిన్ను లేదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతా? 2018లో మన పెద్దపల్లి జిల్లాలోనే సిమ్‌లు అమ్మే ఒకడు భూమి దస్తావేజులను ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచే దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలకు నకళ్లు చేసి, ఊరూపేరూ తెలియనివాళ్ల పేర్లతో వేల సిమ్‌లు ఆన్ చేశాడు. నాలుగేళ్ల తర్వాత, 2022లో, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ సైట్ నుంచి అదే పద్ధతిలో ముద్రలు తీసి జనం ఖాతాలు ఊడ్చిన ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఒక ఇంట్లో దొంగలు పడ్డారని తెలిశాక పక్కింటివాళ్లు గొళ్లెం పెట్టుకోవడానికి నాలుగేళ్లు చాలలేదన్నమాట! దొంగలను పట్టుకున్నారు, సంతోషం. ముద్రలను బజార్న పెట్టినవాళ్లను కదా ముందు నిలదీయాల్సింది! 2024లో మన తెలంగాణ పోలీసుల సొంత హాక్ఐ యాప్‌లోని సమాచారమే అంగడికెక్కింది. ఇక ఎవరికి చెప్పుకోవాలి?

ఇక్కడికి వంద కిలోమీటర్లు దాటితే హైదరాబాద్. అక్కడి కంపెనీల్లో ఐఎస్‌ఓ 27001 సర్టిఫికెట్లు, ఏటేటా ఆడిట్లు, ఏఐ రిస్క్ కమిటీలు అన్నీ ఉన్నాయి. ఎందుకున్నాయంటే, లేకపోతే అమెరికా క్లయింట్ కాంట్రాక్టు రద్దు చేసుకుని పోతాడు. సిర్గాపూర్ అవ్వ ఎక్కడికి పోతుంది? పోలేదని తెలిసే ఈ నిర్లక్ష్యం.

మిషను తీర్పుల సంగతీ అంతే. సమగ్ర వేదిక పేరుతో మన రాష్ట్రం రకరకాల శాఖల రికార్డులను కంప్యూటర్‌తో కలిపించింది. పేరు కాస్త కలిస్తే చాలు, రిక్షా తొక్కి చనిపోయిన మనిషి కారు యజమాని అయిపోయాడు. అతని భార్యకు రేషన్ బంద్! లక్షల కార్డులు నోటీసు లేకుండా కొట్టేశారు. ఇంటింటికీ పోయి మళ్లీ చూడండని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దిగిరావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో అదే హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఏఐ సదస్సు, 200 ఎకరాల ఏఐ సిటీ ముచ్చట్లు. కట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఆ కార్డులు కొట్టేసిన కంప్యూటర్ తరఫున సంజాయిషీ చెప్పే ఒక్క మనిషిని మండలాఫీసులో కూర్చోబెట్టండి, చాలు.

నియమాలు లేవా అంటే, బోలెడు. తప్పు మూడోవాళ్లది అయితే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండకూడదని 2017లోనే రిజర్వు బ్యాంకు రాసింది. తప్పు ఖాతాదారుడిదని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకు మీదే పెట్టింది. కౌంటర్ దగ్గర మాత్రం "నువ్వే ఎక్కడో వేలు పెట్టుంటవు" అన్న మాటతో కథ కంచికి. బయోమెట్రిక్ లాక్ చేసుకోండని సలహా ఇస్తారు పెద్దమనుషులు. దానికి ఆధార్‌తో ముడిపడ్డ నంబరు కావాలి, అదేమో పోయిన సిమ్. ఒకవేళ లాక్ పడితే, తెరిచేదాకా కూలి డబ్బు వేలికి రాదు. ఆ సలహా ఇచ్చినాయన ఒక్కసారైనా వేలిముద్రతో కూలి తీసుకున్నాడా?

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. సమాచారాన్ని కాపాడలేని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అన్నారు. వినడానికి బాగుంది. ఆ సొమ్ము పోయేది కేంద్ర ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయినామెకు అందులో నయాపైసా లేదు. పాత ఐటీ చట్టంలో నష్టపరిహారం అడగడానికున్న 43ఏ సెక్షన్‌ను తీసేయాలని కూడా ఈ చట్టమే రాసుకుంది. ఆమె ఫిర్యాదు ఉత్తిదని తేలిందా, ఆమెకూ జరిమానా ఉంది, పదివేల రూపాయల దాకా. ఆమె వేలిముద్ర పెట్టి ఒక్కసారికి ఖాతాలోంచి లాగగలిగే గరిష్ఠ మొత్తం కూడా సరిగ్గా అంతే.