ఆమ్నీ వెనక తలుపుకు తుప్పు

పోయిన నెల మిక్సీ జార్ రిపేరు గురించి రాస్తిని. అది చదివి నలుగురు నా దగ్గరికి వచ్చిరి గానీ, వాళ్ళు అడిగింది మిక్సీ గురించి కాదు. "అన్నా, ఆమ్నీ వెనక తలుపు కింద పెయింటు పొంగింది, టింకర్ వేలల్లో అడుగుతా ఉండాడు, ఇయ్యొచ్చా?" అనిరి. సరే, ఈ నెల అదే రాస్తాను.

మన కాలనీల్లో ఈ బండి ఎందుకు ఇన్ని ఉండాయో చెప్పే పని లేదు. మిల్లు మూసినప్పుడో, వీఆర్ఎస్ ఇచ్చినప్పుడో చేతికొచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బుతో పాత ఆమ్నీ ఒకటి కొనుక్కొని, పొద్దున స్కూలు పిల్లకాయలు, మిగతా వేళ నిలక్కోట్టై పూల మూటలు, ఒట్టన్‌ఛత్రం కూరగాయలు అని బతికేవాళ్ళు మనలో ఎంతమందో. 1984లో మారుతి వ్యాన్ అని వచ్చిన బండి అది. 2019లో తయారీ నిలిపేసిరి. అంటే ఇప్పుడు అమ్మకానికి వచ్చే ఆమ్నీ ఏదైనా పాతదే. సొంత బోర్డు బండికి 15 ఏండ్లు నిండితే ఆర్టీవో ఆఫీసులో చూపించి, ఐదేండ్లకు ఒకసారి ఆర్సీ రెన్యూవల్ చేసుకోవాల. తుప్పు కండ్లకు కనబడితే ఆడ కూడా ఇబ్బందే.

మొదట ఒక మాట అర్థం చేసుకోండి. ఈ తుప్పు బయటినుంచి లోపలికి పోయేది కాదు, లోపలినుంచి బయటికి వచ్చేది. వెనక తలుపు ఒకే రేకు కాదు, రెండు రేకులు. బయటి రేకు అంచును లోపలి రేకు మీదికి మడిచి ఉంటారు, మన ఆడవాళ్ళు చీర అంచు మడిచి కుట్టినట్ల. అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండి చీలితే వాన నీళ్ళు దాని సందులోంచి రేకుల మధ్యకు దిగుతాయి. ఆ నీళ్ళు బయటికి పోవాలనే తలుపు అడుగున చిన్న చిన్న తూట్లు పెట్టి ఉంటారు. మన బండ్లలో ఆ తూట్లకు మన్నూ, పూల రేకులూ, దూది దుమ్మూ అడ్డుపడతాయి. నీళ్ళు నిలిచిపోతాయి. ఇనుము, నీళ్ళు, గాలి, మూడూ ఒకచోట చేరితే తుప్పుకు ఇంకేమి కావాల? తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు పడుతుంది, అందుకే పెయింటు పొక్కు మాదిరి పైకి లేస్తుంది. మనకు పొక్కు కనబడేసరికి లోపల రేకు సగం తినేసి ఉంటుంది.

రింగు ఫ్రేము మీద పని చేసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. నూలు తెగకుండా ఉండాలంటే డిపార్టుమెంటులో గాలి తేమ నూటికి 55, 60 వంతులు ఉండాల. అదే తేమ మిషను నిలిచిపోయిన దినాల్లో రింగుకు పగ. పండక్కి నాలుగు దినాలు మిల్లు మూస్తే, రింగులను పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె పట్టించి గదా ఇంటికి వస్తిమి? తిరిగి తెరిచిన దినం రింగు మీద గోరంత తుప్పు ఉంటే ఆ స్పిండిల్లో నూలు నిలిచేది కాదు. అంత జాగ్రత్త మిషనుకు చూపించిన మనం, సొంత డబ్బుతో కొన్న బండికి చూపించకపోతే ఎట్ల?

మన ఊర్లో ఇంకొక కష్టం ఉండాది, ఉప్పునీళ్ళు. దిండిగల్ తోళ్ళ షాపులకు వచ్చే తోళ్ళన్నీ ఉప్పు పట్టించి వచ్చేవే. ఆ ఉప్పు ఏండ్ల తరబడి బావుల్లోకి, బోర్లలోకి దిగింది. ఆ నీళ్ళతో బండి కడిగి ఎండలో వదిలేస్తే నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు రేకు మడతలో నిలిచిపోతుంది. ఉప్పు తుప్పును ఎంత తొందర చేస్తుందో రామేశ్వరం పోయినవాళ్ళు చూసే ఉంటారు. 1914లో తెరిచిన పాంబన్ రైలు వంతెనను ఎంత కాపాడినా తుప్పు వదలలేదు, 2022 డిసెంబరులో దాని మీద రైళ్ళు ఆపేసిరి. 2025 ఏప్రిల్లో పక్కనే కొత్త వంతెన తెరిచిరి. మన బండికి అంత సముద్రం లేదు గానీ, బోరు నీళ్ళు చాలు. కడిగేది బోరు నీళ్ళతోనే కడగండి, ఆఖరులో ఒక బకెట్ ఆత్తూరు మంచినీళ్ళు పోసి, అంచులు గుడ్డతో తుడవండి. కుళాయిలో ఆ నీళ్ళు వచ్చేదే కష్టంగా ఉంటే ఇదేమి మాట అంటారు మా ఇంట్లో. సగం బకెట్ అయినా చాలు.

ఇప్పుడు రిపేరు. బొటనవేలితో పొక్కు మీద గట్టిగా నొక్కండి. రేకు గట్టిగా ఉంటే పైపై తుప్పు. మెత్తగా దిగితే లోపల పోయింది. లోపలి అట్ట విప్పి, టార్చి వేసి చూడండి. సైకిల్ పోక కమ్మితో తూట్లు పొడిచి శుభ్రం చేయండి. ఇది చేయకుండా ఎంత పెయింటు కొట్టినా దండగే.

పైపై తుప్పు అయితే మీరే చేసుకోవచ్చు. కమ్మి బ్రష్షుతో రాలేదంతా రాల్చండి, ఉప్పు కాగితంతో మెరిసే ఇనుము కనబడేదాకా రుద్దండి. ఒక దినం ఎండలో ఆరబెట్టండి. సన్న గుంటల్లో మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ అని బాటిల్లో అమ్ముతారు, పూస్తే తుప్పు నల్ల పొరగా గట్టిపడుతుంది. ఆ మందుల్లో కొన్నిటిలో ఉండేది టానిన్, మన తోళ్ళ షాపుల్లో తంగేడు చెక్క వేసి తోలు పదును చేసే సరుకే అది. మీద ప్రైమర్ రెండు కోట్లు, తర్వాత పెయింటు. లోపలి మడతలోకి మైనం మాదిరి స్ప్రే దొరుకుతుంది, అది కొట్టండి. తూట్లు మాత్రం మూయవద్దు.

రేకు ఓటిపోయి ఉంటే టింకర్ దగ్గరికే పోవాల. ఆడ మీరు చెప్పాల్సింది ఒకే మాట: "కోసినంక, పట్టీ పెట్టేముందు నన్ను పిలువు." చెడిన రేకును మంచి ఇనుము వచ్చేదాకా కోసి, కొత్త రేకు ముక్క వెల్డింగ్ చేయాల. తుప్పు మీదనే పట్టీ పూసి, రుద్ది, పెయింటు కొడితే ఆరు నెలలు అందంగా ఉంటుంది, అంతే. మా వీధిలో ఒక తమ్ముడు మిల్లు సెటిల్‌మెంటు డబ్బంతా పెట్టి కొన్న బండికి, తొలి వానకే నంబరు ప్లేటు కింద చెయ్యి దూరేంత బొక్క పడింది. అమ్మినవాడు ఫోను ఎత్తలేదు. బండి కొనేముందు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకొని పోండి. రేకుకు అంటుకుంటుంది, మందంగా పట్టీ పూసినచోట జారిపోతుంది. ఒక రూపాయి ఖర్చు లేదు.

వెల్డింగ్ తలుపును బండికి ఉంచి చేయనివ్వవద్దు. బోల్టులు విప్పి తలుపును కిందకు దించి చేయమనండి. గ్యాసు బండి అయితే ఇది వేడుకోలు కాదు, కట్టాయం. సిలిండర్ వెనకనే ఉంటుంది, నిప్పురవ్వ ఒకటి చాలు. తలుపు మొత్తం పోయి ఉంటే అతుకుల మీద అతుకులు వేసేకన్నా, చెన్నై పుదుపేట మాదిరి పాత సామాన్ల అంగళ్ళలో గట్టి తలుపు దొరికితే అదే మేలు. తీసుకొనేముందు దాని అడుగు అంచు కూడా చూడండి, అయస్కాంతం కూడా పెట్టండి.

ఇంత దూరం ఒక తలుపు గురించి రాసేది అందం కోసం కాదు. పిల్లకాయలు కూర్చొనేది ఆ తలుపుకు ఆనుకొనే. సైలెన్సర్ పొగ వదిలేది ఆ తలుపు కిందనే. బండి పోతా ఉంటే దాని వెనక గాలి సుడి తిరిగి, పొగను తిరిగి బండివైపే లాగుతుంది. తలుపు అంచు తుప్పు తిని ఉంటే, రబ్బరు చిరిగి ఉంటే, పొగ లోపలికి వస్తుంది. దాంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మత్తు, ఆ పైన ప్రాణమే పోతుంది. "మా పాప వ్యాన్ ఎక్కితే చాలు నిద్రపోతుంది, దిగినంక తల నొస్తుంది అంటుంది" అని ఏ అక్కైనా చెప్తే, పాపను తిట్టవద్దు, ముందు బండి వెనక చూడండి. వెనక తలుపు తెరిచిపెట్టి సామాను వేసుకొని పోయేవాళ్ళకూ ఇదే మాట.

చూసేది సులభం. పాత పేపరు ముక్క ఒకటి రబ్బరు మీద పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా వస్తే సరి, ఊరికే జారి వస్తే ఆడ సందు ఉండాది. చుట్టూ పది చోట్ల అట్లనే చూడండి. తలుపును ఎత్తి పట్టే రెండు గ్యాసు కడ్డీలు బిగించిన చోటు కూడా చూడాల. ఆడ రేకు తుప్పు తింటే తలుపు ఒక దినం నెత్తి మీద పడుతుంది.

ఆయుధ పూజ వస్తా ఉండాది. అందరమూ బండి కడుగుతాము, గంధం కుంకుమ పెడతాము. ఆ వెనకనే ఐప్పసి వానలు. కడిగినంక వెనక తలుపు ఎత్తి, అడుగు తూట్లలోంచి నీళ్ళు కారుతా ఉండాయా అని చూడండి. కారకపోతే ఆ దినమే పోక కమ్మి తీయండి.