ముందు నంబరు రాయండి

భావనపాడు పోర్టు కాస్తా మూలపేట పోర్టయింది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. సముద్రంలో అలలకు అడ్డుగోడ కట్టాలంటే రాళ్లు కావాలి. రాళ్లు కొండల్లో ఉంటాయి, పోర్టు తీరంలో ఉంటుంది, మధ్యలో మన ఊళ్లుంటాయి. నౌపడ నుంచి తీరం దాకా, పిల్లలు సైకిళ్ల మీద బడికెళ్లే దారిలోనే రాళ్ల టిప్పర్లూ పరుగెడతాయి. టెక్కలి గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలు వీటికి అదనం. పోర్టు ఎవరి కోసం, ఉద్యోగాలు ఎవరికన్న చర్చ ఈ పత్రికలో సాగుతూనే ఉంటుంది. ఈ వారం అడుగుతున్నది వేరే ప్రశ్న. మీద పడేటట్టు దూసుకొచ్చిన టిప్పరు నంబరును కాగితం మీద రాసి పోలీసు స్టేషనులో ఇచ్చినవాళ్లు మనలో ఎందరున్నారు?

మనం చేసేదేమిటో అందరికీ తెలుసు. మనిషి చచ్చేదాకా ఊరుకుంటాం. చచ్చాక శవాన్ని రోడ్డు మీద పెట్టి రాస్తారోకో చేస్తాం. డ్రైవరు దొరికితే తంతాం. సాయంత్రానికి పెద్దమనుషులు వస్తారు, కాంట్రాక్టరు మనిషి వస్తాడు, ఇంత అని తేలుస్తారు. శవం లేస్తుంది. మర్నాడు అదే రోడ్డు మీద అదే వేగం. కేసు డ్రైవరు మీద ఉంటుంది. బండి యజమాని పేరు గానీ, పని చేయించుకున్నవాడి పేరు గానీ ఆ కాగితంలో వెతికినా కనపడదు. ప్రాణానికి వెలకట్టే ఈ రాజీ మన ఊళ్లలో ఒక ఆచారమైపోయింది.

ఫిర్యాదు ఎందుకివ్వరంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘‘ఏటి సేస్తాం, ఆళ్లు పెద్దోళ్లు. స్టేషనుకెళ్తే మన మీదే తిరగేస్తారు.’’ ఈ భయాన్ని కొట్టిపారెయ్యలేం. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న ఇదే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో పోలీసు తూటాలకు మనవాళ్లు నేలకొరిగారు. థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు ఊళ్లకు ఊళ్లు కేసులు మోశాయి. అలాంటి ఊరి మనిషిని పోలీసుల దగ్గరకు వెళ్లమనడం తేలిక కాదు. సముద్రం మీద కన్నేసి ఉంచడానికి భావనపాడులో మెరైన్ పోలీసు స్టేషనుంది. రోడ్డు మీద కన్నేసేదెవరు? మనం వెళ్లకపోతే ఆ స్టేషను మూతపడదు. కాంట్రాక్టరు మనుషులు వచ్చి కూర్చునే చోటుగా మిగులుతుంది, అంతే.

చట్టం ఏమంటున్నదో ఉద్యోగులూ విద్యార్థులూ ఒకసారి చూడాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ప్రకారం, మనిషి ప్రాణానికి ముప్పు కలిగేలా బండి నడపడమే నేరం. ఎవరూ చావనక్కర్లేదు, కాలు విరగనక్కర్లేదు. పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమిది. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను కింద ప్రమాదకరంగా నడిపితే మొదటిసారి 6 నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఫిర్యాదును ఫోనులో మెసేజిగానూ పంపొచ్చు, 3 రోజుల్లో వెళ్లి సంతకం చేస్తే చాలు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాల్సిందే. స్టేషనులో తీసుకోకపోతే అదే కాగితాన్ని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. దెబ్బలు తగిలిన మనిషిని ఆసుపత్రికి చేర్చినవాడు పోలీసులకు తన పేరు చెప్పి తీరాల్సిన పని లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన ఈ రక్షణ 2019 సవరణతో చట్టంలోనే చేరింది.

‘పొట్టకూటి కోసం వచ్చిన డ్రైవరును పట్టిస్తామా’ అని కొందరు మిత్రులు అడుగుతారు. మంచి మనసే. కానీ డ్రైవరును రాత్రీ పగలూ పరుగెత్తించేది ట్రిప్పు లెక్క. ఆ లెక్క వేసేది అతను కాదు. అందుకే ఫిర్యాదు డ్రైవరు దగ్గర ఆగకూడదు. అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనంగా ఎక్కించిన ప్రతి టన్నుకూ 2,000 చొప్పున జరిమానా చెప్పే 194వ సెక్షను నడిపినవాడితో పాటు నడిపించినవాడినీ, నడవనిచ్చినవాడినీ పట్టుకుంటుంది. ఆ సమయంలో స్టీరింగు ఎవరి చేతిలో ఉందో పోలీసు అడిగితే యజమాని చెప్పి తీరాలని 133వ సెక్షను అంటుంది. మనం నంబరు రాస్తే యజమాని పేరు బయటపడుతుంది. రాయకపోతే కూలివాడొక్కడే దోషిగా మిగులుతాడు. నంబరు తెలియక గుద్ది పారిపోయిన బండిగా తేలితే, చనిపోయినవారి కుటుంబానికి ప్రభుత్వ పథకం కింద దక్కేది 2 లక్షలు. నంబరుంటే ట్రిబ్యునల్లో బీమా కంపెనీ మీద దావాకు దారి ఉంటుంది. విధవరాలైన ఆడకూతురికి ఈ తేడా ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

మన రాష్ట్రం మనకొస్తే ఇవన్నీ వాటంతటవే చక్కబడతాయా? ఉద్యమ పత్రికగా ఈ ప్రశ్నను దాటవెయ్యం. 2014లో తెలంగాణ వచ్చింది. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొంటే 19 మంది పోయారు. ప్రయాణికులు కంకర కింద కూరుకుపోయారు. రాష్ట్రం పేరు మారినంత మాత్రాన టిప్పరు వేగం తగ్గలేదు. మనం రాష్ట్రం అడుగుతున్నది మన రోడ్డు మీద మన మాట చెల్లాలని. ఆ మాటను ఇప్పుడే రాసి ఇవ్వడానికి అడ్డేముంది?

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. పరాయి టిప్పర్ల మీద అరిచే మనం, జీడిపప్పు పనికెళ్లే ఆడవాళ్లను కుక్కి పలాస రోడ్డులో పరుగెత్తించే మన ఆటోవాలాని ఏమీ అనం. తాగి ముగ్గురు ఒక బండి మీద పోయే మనూరి కుర్రాళ్లను చూసి నవ్వేసి ఊరుకుంటాం. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పలాసకో టెక్కలికో ఆటోలో వెళ్లే ఉద్దానం కిడ్నీ రోగికి, గుద్దేది మనవాడి బండా పరాయివాడి బండా అన్నది పట్టదు. ఫిర్యాదులో కులం, ఊరు, పార్టీ చూస్తే రెండో వారానికే అది కక్షసాధింపయిపోతుంది. స్టేషనుకు కావాల్సిన సాకూ అదే.

దిల్లీ ట్రాఫిక్ పోలీసులు 2010లోనే జనం ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటోలు చూసి చలానాలు రాశారు. మనకు కావాల్సింది ఒక నోటు పుస్తకం, ఇద్దరు సాక్షులు. బండి నంబరు, తేదీ, సమయం, ఏ ఊరి దగ్గర, ఎటు వైపు పోతున్నది, రాళ్ల మీద పరదా ఉందా లేదా, తలుపు మీద ఏ కంపెనీ పేరుంది - ఇవి చాలు. బండి నడుపుతూ ఫోను తియ్యొద్దు. టిప్పరుకు అడ్డంగా నిలబడొద్దు. డ్రైవరు మీద చెయ్యి వెయ్యొద్దు. వేస్తే కేసు మన మీదకు తిరుగుతుంది. అప్పటికప్పుడు ప్రమాదమనిపిస్తే 112కు ఫోను చెయ్యండి, జాతీయ రహదారి మీదైతే 1033కు.

టెక్కలి, పలాస కాలేజీ విద్యార్థులు ఊరికిద్దరు చొప్పున ఈ పుస్తకం పట్టాలి. రోజూ ఆ దారిన బైకు మీద వెళ్లే ఉపాధ్యాయులు, సచివాలయ ఉద్యోగులు సాక్షి సంతకాలకు వెనుకాడవద్దు. ఇచ్చిన ప్రతి ఫిర్యాదుకూ రసీదు అడగండి. ఆ రసీదు నకలు మాకు పంపండి. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, స్టేషను పేరు, ఎన్ని రోజులకు ఏం చేశారన్నది వారం వారం ఈ పేజీలోనే అచ్చువేస్తాం. బడి వేళల్లో టిప్పర్లు ఊళ్లలోకి రాకూడదని తీర్మానించే గ్రామసభ ఏదైనా ఉంటే, ఆ తీర్మానం మొదటి పేజీలో వస్తుంది.