ఇనుప ట్యాంకు మన వారసత్వం కాదా?

పోయిన సంక్రాంతి కనుమకు మా పెరట్లో చేసుకున్న పొగపొయ్యి ఫోటో ఒకటి ఈ కుటుంబ పుటలో పెట్టినాము. పాత గాలి ట్యాంకును కోసి, ఒక పక్క నిప్పు పెట్టె అతికించి, ఇంకో కొసన పొగగొట్టం నిలబెట్టి చేసిన స్మోకర్ అది. చూసిన బంధువుల్లో సగం మంది మెచ్చుకున్నారు. మిగతా సగం మంది అడిగింది ఒకటే ప్రశ్న: "వంశం కతలు, పాత పత్రాలు, అవ్వల వంటలు రాసే చోట ఈ అమెరికా డబ్బా ఏమిటికి?" మదురై నుంచి ఒక పెద్దాయన ఇంకొంచెం గట్టిగానే అడిగినారు: "ఇది మన తాతలు చేసిన పనేనా?"

అవునండీ, మన తాతలు చేసిన పనే. వాళ్ళు ఇట్లా మాంసం కాల్చుకున్నారని కాదు మేము అనేది. ఒక పనికి పనికిరాకుండా పోయిన ఇనుమును ఇంకో పనికి తెచ్చుకోవడం ఉంది చూడండి, అది వాళ్ళ పని. ఆ పనిని మరిచిపోయి, వాళ్ళ ఫోటోలకు మాత్రం దండలు వేస్తున్నామే అన్న బాధతో ఇది రాస్తున్నాము.

ముందు మా తప్పు చెప్పుకుంటాము. తాత ఇల్లు పంచుకున్న రోజు బాగా గుర్తుంది. ఇత్తడి అండాల దగ్గర తగవు వచ్చింది. తంజావూరు పటానికి చీట్లు వేసినారు. ఊయల బల్ల ఎవరికని రెండు గంటలు మాట్లాడినారు. వెనక కొట్టంలో ఒక దాగలి, ఒక బెంచి వైసు, నాలుగైదు సుత్తెలు, పటకార్లు, ఒక గోనె నిండా ఆకురాళ్ళు ఉండె. వాటిని ఎవ్వరూ అడగలేదు. పాత ఇనుము కొనేవాడు వచ్చి కిలో లెక్కన తూచుకొని పోయినాడు. ఆ డబ్బుతో ఆ సాయంత్రం అందరికీ టీ, వడలు తెప్పించినారు. తిన్నవాళ్ళలో మేమూ ఉన్నాము.

అండాలు ఇప్పుడు ఎవరింట్లోనో పూలకుండీలుగా ఉన్నాయి. ఆ దాగలి మీద మాత్రం మూడు తరాల సంసారం నడిచింది. ఏది వారసత్వమో ఆ రోజు మాకు తెలియలేదు. ఇప్పటికీ చాలామందికి తెలియడం లేదని ఈ ఫోటోకు వచ్చిన మాటలు చూస్తే అర్థమైంది.

మా ఊరి సంగతే చూడండి. పోదనూరును పెంచింది ఇనుమే. 1862లో మద్రాసు నుంచి పడమటి కోస్తాకు పోయే రైలు మార్గం ఈ దోవనే వచ్చింది. అప్పట్లో పెద్ద జంక్షన్ పోదనూరు. 1873లో మేట్టుపాళయానికి వేసిన కొమ్మ లైను మీది ఊరు కోయంబత్తూరు. రైల్వే కాలనీ, సిగ్నల్ వర్క్‌షాపు, వాటి చుట్టూ చిన్న చిన్న కొలుములు, లేత్ షెడ్లు. ఆ మోతలోనే మన ఇళ్ళు పెరిగినాయి.

జి.డి. నాయుడుగారి పేరు చెప్పని కోయంబత్తూరు తెలుగు ఇల్లు ఉండదు. 1893లో కలంగల్‌లో పుట్టినారు. బడి చదువు పెద్దగా సాగలేదు. మోటారు సైకిలు కొనాలని కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టినారు. కొన్నాక దాన్ని ఊడదీసి, మళ్ళీ బిగించి, అట్లా నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపినారు. 1937లో ఇక్కడే దేశీ విద్యుత్ మోటారు చేసి చూపించినారు. పాలిటెక్నిక్ ప్రిన్సిపాలుగా ఉన్నప్పుడు, చేతితో నేర్పితే ఇన్నేళ్ళ కోర్సు అక్కరలేదని వాదించినారు. మన పెళ్ళిళ్ళలో, సంఘం సభల్లో ఆయన పేరు ఎంత గొప్పగా చెప్పుకుంటామో! ఆయన చేసినట్టు మన పిల్లవాడు ఇంట్లో మోటారు ఊడదీస్తే మాత్రం వీపు మీద ఒకటి వేస్తాము.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మోటార్లూ పంపులూ రాకముందు కొంగునాడు బావుల్లోంచి నీళ్ళు తోడింది తోలు మోటలు. వాటిని కుట్టిన అరుంధతీయుల ఇళ్ళలోనూ తెలుగే. మన సావనీర్లలో వాళ్ళ ఫోటో ఎన్నడైనా చూసినారా? చేతిపనిని వారసత్వం లెక్కలోంచి తీసేస్తే చాలా మంది తెలుగువాళ్ళు దాంతోపాటే బయటికి పోతారు. మనకు మిగిలేది బంగారు అంచు పంచెలు, ఇత్తడి అండాలు.

సరే, అమెరికా డబ్బా అన్న మాటకు వస్తాము. టెక్సస్‌లో ఈ పొగ మాంసాన్ని పెంచినవాళ్ళలో పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి, చెక్ దేశం నుంచి వలసపోయి అక్కడ మాంసం అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు కూడా మనలాగే ఊరు విడిచి వచ్చినవాళ్ళు. ఆ తరువాత చమురు బావుల దగ్గర పనిచేసే వెల్డర్లు మిగిలిపోయిన పైపులు, పాత ట్యాంకులు కోసి ఈ పొయ్యిలు చేసుకున్నారు. ఉన్న ఇనుము, ఉన్న కట్టె, వచ్చిన చేతిపని. ఇందులో మనకు పరాయిది ఏముంది? మన అవ్వలు ఉప్పుకండాన్ని దండేనికి గుచ్చి పొయ్యి పైన ఆరేయలేదా? ఆ పొగ వాసన పట్టిన ముక్క కోసం మనం కొట్టుకోలేదా?

కట్టె సంగతి వింటే ఇంకా నవ్వొస్తుంది. టెక్సస్‌వాళ్ళు పేరు పెట్టుకొని మురిసిపోయే మెస్కీట్ కట్టె, మన చేలగట్ల మీద విసుక్కొని నరికే సీమ కరువేలం, రెండూ ఒకే కుటుంబం చెట్లు. ఆంధ్రాలో దాన్నే సర్కారు తుమ్మ అంటారు. రామనాథపురం వైపు దాన్ని బొగ్గు చేసి అమ్ముతారు. మనది మనకు ముల్లు, సీసాలో పోసిన దాని పొగ మాత్రం సూపర్ మార్కెట్లో విదేశీ రుచి!

ఇంకొందరు అంటారు: "ఇంత తంటాలు ఎందుకు, రెడీమేడ్‌ది కొంటే పోలా?" కొనండి, మేము వద్దనము. కానీ కొనేముందు రేకును వేలితో తట్టి చూడండి. చౌకవాటిలో చాలావరకు పలచని రేకు. నిప్పు ఎగిస్తే ఎగుస్తుంది, తగ్గితే వెంటనే చల్లబడుతుంది. ఈ పొయ్యికి కావలసిందల్లా నిలకడ. నిప్పు ఒక పక్క, మాంసం ఇంకో పక్క. మంట తగలకూడదు, వేడి పొగ మాత్రమే ట్యాంకులోకి వచ్చి, మాంసం మీదుగా పోయి, అవతలి కొసన గొట్టంలోంచి బయటపడాలి. 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి నిలవాలి. కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే జిగురు 70 డిగ్రీలు దాటినాక నిదానంగా కరగడం మొదలవుతుంది. తొందరపడితే మాంసం ఎండి చెప్పుతోలు అవుతుంది. ఓపిక పడితే ముదురు మేక జబ్బ కూడా ఎముక విడిచి వస్తుంది.

ఇక్కడే మూడో రకం మనుషులతో మా అసలు పోట్లాట. వాళ్ళు మా పక్షమే అనుకుంటారు. "ఇనుమంటే ఇనుమే, ఏ డ్రమ్మైనా ఒకటే, కోసెయ్" అంటారు. అట్లా అన్నవాళ్ళలో మొదట మేమే ఉన్నాము. ఉక్కడం వైపు పాత సామాన్ల అంగట్లో 200 లీటర్ల డ్రమ్ము ఒకటి తెచ్చి, కడిగి, గ్రైండర్ చేతికి తీసుకున్నాము. పంపుల కంపెనీలో ముప్పై ఏళ్ళు వెల్డింగ్ చేసి రిటైరైన పెద్దనాయన అరుగు మీద నుంచి లేచి వచ్చినారు.

"ఇందులో ఇంతకు ముందు ఏముండెరా?"

"థిన్నర్, పెద్దనాయనా. రెండు సార్లు కడిగేసినాము."

"కడిగితే పోతాదా? అతుకులో దాక్కొని ఉంటాది. చక్రం వేడికి ఆవిరై లేస్తాది. ఒక్క రవ్వ పడితే మూత వచ్చి నీ మొగం మీదే కూర్చుంటాది. దించు అది."

దించినాము. ఆ రోజు ఆయన అరుగు మీద లేకపోతే ఈ పుటలో రాయవలసిన సంగతి వేరుగా ఉండేది. ఖాళీ డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదమని ఏ వీడియో చూసినా గట్టిగా చెప్పలేదు. పనిచేసిన ముక్కు చెప్పింది.

అందుకే గట్టిగా చెప్తున్నాము. పెట్రోలు, డీజిలు, థిన్నరు, పురుగుమందు, పేరు తెలియని రసాయనం ఉండిన డ్రమ్ము మీద చెయ్యి వేయవద్దు. వంట గ్యాస్ సిలిండరు అసలే వద్దు. అది ప్రమాదం సరే, మన సొత్తు కూడా కాదు. డిపాజిట్ కట్టి వాడుకుంటున్నది కంపెనీ సొత్తు. జింకు పూత ఉన్న ట్యాంకు వద్దు. వెల్డింగ్ వేడికి లేచే జింకు పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. లోపల రంగు పూత ఉన్నదీ వద్దు.

మేము చివరికి వాడింది షెడ్డులోంచి తీసేసిన కంప్రెసర్ గాలి ట్యాంకు. 1960 నుంచి ఎల్జీ కంప్రెసర్లు పుడుతున్న ఊరు ఇది, పాత గాలి ట్యాంకుకు కరువు లేదు. ఇంచుమించు 200 లీటర్లది, 5 మిల్లీమీటర్ల మందం. అన్ని మరలూ విప్పేసి, ఒత్తిడి ఏమీ మిగలలేదని చూసుకొని, వేడి సబ్బునీళ్ళతో నూనె జిడ్డు పోయేదాకా కడిగి, ఎండలో ఆరబెట్టినాము. కోసినంతసేపూ రంధ్రాలన్నీ తెరిచే ఉంచినాము. మూసి ఉన్న పాత్రను ఎప్పుడూ కోయకూడదు.

నిప్పు పెట్టె ట్యాంకులో మూడోవంతు ఉండాలన్నది చేసేవాళ్ళ లెక్క. 6 మిల్లీమీటర్ల రేకుతో 40 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు, 42 పొడవు పెట్టినాము. అది 67 లీటర్లు. ట్యాంకు తలుపు ఒక్కసారిగా కోసేస్తే రేకు వంకర పోయి మళ్ళీ కూర్చోదు. ముందు ఒక పొడుగు పక్క కోసి, అక్కడ బందులు అతికి, ఆ తరువాతే మిగతా మూడు పక్కలు కోయాలి. ఇదీ పెద్దనాయన చెప్పిందే. నిప్పు వచ్చే దోవ ముందు ఒక అడ్డరేకు పెట్టకపోతే మొదటి ముక్క మాడుతుంది, చివరిది పచ్చిగా ఉంటుంది. పొగగొట్టం 4 అంగుళాల పైపు, 3 అడుగుల ఎత్తు. దాని నోరు మాంసం పెట్టే జల్లెడ మట్టానికి దగ్గర ఉండాలి. అప్పుడే పొగ పైపైన పోకుండా మాంసాన్ని తడుముకుంటూ పోతుంది. గొట్టం పూర్తిగా తెరిచి పెట్టి, గాలిని నిప్పు పెట్టె దగ్గరే అదుపు చేయాలి. తెల్లగా దట్టంగా పొగ వస్తే చేదు. కంటికి కనపడీ కనపడని నీలి పొగ వస్తే పొయ్యి కుదిరినట్టు. మొదటి రోజు మాంసం పెట్టకుండా, లోపలంతా వేరుసెనగ నూనె రుద్ది, మూడు గంటలు పెద్ద నిప్పు మీద కాల్చినాము.

కట్టె బాగా ఎండిన జామ, మామిడి. కరువేలం ఘాటు ఎక్కువ కనుక చేతిలో రెండు ముక్కలు చాలు. రెండు కిలోల మేక జబ్బకు దగ్గర దగ్గర ఆరు గంటలు పట్టింది.

ఆ ఆరు గంటల్లో జరిగింది చెప్పి ముగిస్తాము. కనుమనాడు ఎప్పుడూ ఎవరి ఫోను వాళ్ళు చూసుకునే పిల్లలు పొయ్యి చుట్టూ కూర్చున్నారు. అందులో ఒకడు ఇంజనీరింగ్ మూడో ఏడు. తలుపు అంచు కోసుకుంటుందని పెద్దనాయన వాడికి చెప్పినారు: "ఆ ఆకురాయి తెచ్చి రెండు తోపులు తొయ్యి." వాడు పెరడంతా రాయి కోసం వెతికినాడు. అందరూ నవ్వినారు. మాకు నవ్వు రాలేదు.

తమిళ దేశంలో ఇన్ని తరాలు మన మాటను నిలుపుకున్నామని గర్వపడతాము. ఏ మాటను నిలుపుకున్నాము? రా, పో, తిను, పడుకో. వంటింటి తెలుగు ఉంది. దాగలి, ఆకురాయి, పటకారు, తిత్తి, ఉలి ఎక్కడ పోయినాయి? ఆ రోజు కిలో లెక్కన తూచి అమ్మినది ఇనుము ఒక్కటే కాదు. వస్తువు ఇంట్లోంచి పోతే దాని పేరు నోట్లోంచి పోతుంది. ఇప్పుడు వాడికి ఆకురాయి అంటే తెలుసు. తోసేటప్పుడు ఒత్తాలి, లాగేటప్పుడు వదలాలి అనీ తెలుసు. ఏ తెలుగు తరగతిలో నేర్పినారు వాడికి ఇది?

కాబట్టి మదురై పెద్దాయనకు చేతులు జోడించి చెప్తున్నాము. ఈ పుటలో అవ్వల వంటలూ ఉంటాయి, పాత పత్రాలూ ఉంటాయి, ఈ ట్యాంకూ ఉంటుంది. మీ ఇంటి కొట్టంలో పాత పనిముట్లు ఇంకా ఉంటే దయచేసి తూకానికి వేయకండి. వాటిని పట్టిన చెయ్యి ఇంకా బతికుంటే, పిల్లవాణ్ణి తీసుకొనిపోయి దాని పక్కన కూర్చోబెట్టండి. పొగపొయ్యే చేయాలని లేదు, విరిగిన గేటు బందు అయినా చాలు. వచ్చే కనుమకు పోదనూరు రండి. జబ్బ మేము కాలుస్తాము, కట్టె మీరు కొట్టండి.