బలిపీఠం స్థిరం... మన వీసా రెండేళ్లు

బహ్రెయిన్‌లోని అవాలిలో అరేబియా మాత కెథెడ్రల్ ప్రతిష్ఠ 2021 డిసెంబర్ 10న జరిగింది. రాజు హమద్ ఇచ్చిన సుమారు 9 వేల చదరపు మీటర్ల స్థలంలో, 2,300 మంది పట్టేలా గుడారం పోలికతో కట్టారు. 2022 నవంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ వచ్చి అందులో ప్రార్థన చేశారు. గోపురం ఫొటోలు గల్ఫ్‌లోని మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఇలాంటి గుడి లోపల ఏం పెడతారు, ఎందుకు పెడతారు అన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. చందా ఇచ్చేది మనమే కాబట్టి మనకు తెలియాలి.

కతోలిక నియమాల్లో బలిపీఠానిదే మొదటి స్థానం. కొత్త గుడిలో ఒక్కటే ఉండాలి. నేలకు అతికి, కదలకుండా ఉండాలి. గురువు చుట్టూ తిరిగేందుకు వీలుగా గోడకు ఎడంగా ఉండాలి. పైపలక రాయిదై ఉండటం ఆచారం. ప్రతిష్ఠనాడు బిషప్ ఆ పలకంతా పరిమళ తైలం పూసి, సాంబ్రాణి వేసి, గుడ్డ పరిచి దీపాలు వెలిగిస్తారు. అద్దె హాల్లో పూజ చేసుకునేటప్పుడు మామూలు టేబుల్ మీద తెల్లగుడ్డ పరిస్తే చాలు. అయిపోగానే మడిచి పక్కన పెట్టేయొచ్చు.

ఇక పని సంగతి. మార్బుల్ ఫిట్టింగ్ చేసే మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న పలక ఒక్కటే దాదాపు 270 కిలోలు. అంత పీఠాన్ని మీటరు ఎత్తున ఒకే రాయిగా పెడితే ఐదు టన్నులు దాటుతుంది. అందుకే లోపల డొల్ల ఉంచి, చుట్టూ రాతి పలకలు తొడుగుతారు. కింద ఆధారం ఎంత కావాలో స్లాబు పోయకముందే లెక్క తేలాలి. వాక్యపీఠానికి మైకు వైరు పైపు కూడా అప్పుడే వేయాలి. ఫ్లోరింగ్ అయ్యాక గుర్తొస్తే రాయి కోయాల్సిందే!

మా దృష్టిలో రాయి కంటే వాక్యపీఠం, సౌండు ముఖ్యం. బహ్రెయిన్, కువైట్‌లలో సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారపు పూజ ఆ రోజే పెట్టుకుంటారు. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి ఆదివారం సెలవైంది. ఎక్కడైనా కథ ఒకటే... ఒకే గుడిలో గంటగంటకూ భాష మారుతుంది. మలయాళీలు దిగుతుంటే ఫిలిప్పీన్స్ వాళ్లు ఎక్కుతుంటారు. తెలుగు పఠనం చదివే తమ్ముడి గొంతు వెనక బెంచీ దాకా వినపడకపోతే ఇటలీ పాలరాయి పెట్టి ఏం లాభం?

అయినా స్థిరమైన బలిపీఠం చిన్న విషయం కాదు. పక్కనే ఉన్న సౌదీలో చర్చే లేదు. బహ్రెయిన్‌లో మనామా సేక్రెడ్ హార్ట్ చర్చి 1939 నుంచీ ఉంది. కార్మికుడి వీసా రెండేళ్లది, కంపెనీ మూతపడితే అదీ లేదు. అలాంటి జనం కోసం నేలకు అతికిన రాయిని ఒక రాజ్యం ఒప్పుకుంది. మనం వెళ్లిపోయాక వచ్చే మనవాళ్లకు కూడా అది అక్కడే ఉంటుంది.

అయితే అవాలి మనామాకు సుమారు 20 కిలోమీటర్ల దూరం. లేబర్ క్యాంపులో ఉండేవాడికి కారు ఎక్కడిది? ఏ గుడి కమిటీ అయినా బలిపీఠానికని రసీదు పుస్తకం పట్టుకొస్తే, క్యాంపుల నుంచి బస్సు ఖర్చు కూడా అందులో రాశారా లేదా అని మొహమాటపడకుండా అడగండి.