మొగ మూస్తే... దారేది?

నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చిన గోదారమ్మ ఎక్కడ సముద్రంలో కలుస్తుంది? ఒక్కచోట కాదు. ధవళేశ్వరం దాటగానే ఆమె రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ పచ్చగా పరచుకున్న నేలే కోనసీమ. దాని నైరుతి కొసన, వశిష్ఠ కడలిని చేరేచోట ఉంది అంతర్వేది.

లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వచ్చినవాళ్లు అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లి, ఏరూ సముద్రమూ కలిసే చోటుని చూసి దండం పెట్టుకుంటారు. యాత్రికులకు అది సంగమం. పడవవాళ్లకు మాత్రం గుమ్మం! వేటకు వెళ్లాలన్నా, తిరిగి రేవు చేరాలన్నా ఆ మొగలోంచే.

ఓడలు కట్టిన ఊరు

ఒకప్పుడు ఈ గుమ్మంలోంచి ఏకంగా ఓడలే వచ్చి వెళ్లేవి. అంతర్వేదికి ఎగువన, అవతలి ఒడ్డున ఉన్న నరసాపురం 17వ శతాబ్దంలో ఓడల తయారీకి పెట్టింది పేరు. కలప, ఇనుము, పనితనమున్న వడ్రంగులు... అన్నీ అందుబాటులో ఉండేవి. డచ్చివాళ్లూ ఆంగ్లేయులూ వెతుక్కుంటూ వచ్చారు. ఈస్టిండియా కంపెనీ పక్కనే మాధవాయిపాలెంలో వర్తకస్థావరం పెట్టింది. తెల్లవాళ్ల నోట ఆ ఊరి పేరు ‘మడపోలం’ అయింది. అక్కడి నుంచి వెళ్లిన నూలుబట్టకూ అదే పేరు స్థిరపడింది. తరవాత్తరవాత ఇంగ్లండు మిల్లుల్లో నేసిన బట్టనీ మడపోలమనే అన్నారు!

అంతర్వేది గుడి కథలోనూ ఓడలున్నాయి. తుపానులో చిక్కుకున్న తన ఓడలు క్షేమంగా తిరిగొస్తే ఆలయం కట్టిస్తానని కొపనాతి కృష్ణమ్మ అనే వ్యాపారి మొక్కుకున్నాడనీ, అవి వచ్చాక మొక్కు చెల్లించాడనీ భక్తులు చెప్పుకుంటారు.

ఆనకట్ట తెచ్చిన మార్పు

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నదిలో ప్రయాణాన్ని కొత్తదారి పట్టించింది. కాలువంటే చేలకు నీళ్లిచ్చేదే కాదు, పడవలు నడిచే బాట కూడా అని ఆర్థర్ కాటన్ నమ్మకం. అందుకే కాలువలకు లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీటిమట్టాన్ని అవతలివైపుతో సమానం చేసి, ముందు తలుపులు తెరుస్తారు. నీళ్లతోనే మెట్లెక్కించడం అన్నమాట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం... అలా ధాన్యమూ కొబ్బరికాయలూ ఊళ్లు దాటేవి. కాకినాడలో బయల్దేరి ఏలూరు, విజయవాడ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా నీటిమీదే వెళ్లే వీలుండేది.

రైళ్లూ లారీలూ వంతెనలూ వచ్చాక ఆ పడవలు కనుమరుగయ్యాయి. 2008లో కేంద్రం ఈ కాలువలను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. అయితే అప్పటి ప్రకటనలో గోదావరి భాగం భద్రాచలం నుంచి రాజమండ్రి వరకే. అంతర్వేది వైపు వచ్చే వశిష్ఠకు అందులో చోటు లేదు.

కోత ఓ పక్క... మేట ఓ పక్క

డెల్టా అంటేనే నది మోసుకొచ్చిన ఒండ్రు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం 1970లలో గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రును తెచ్చేది. 2000-2006 నాటికి అది 6 కోట్ల టన్నులలోపుకి పడిపోయింది. మిగతాదంతా చాలావరకు ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది. ఒండ్రు అందని తీరాన్ని అలలు కోసేస్తున్నాయి.

మరి ఒండ్రు తగ్గితే మొగ లోతుగా ఉండాలి కదా? అక్కడే ఉంది తిరకాసు. వరద తగ్గాక నదిలో నీటి తోపుడు ఉండదు. తీరం వెంబడి అలలు నెట్టుకొచ్చే ఇసుక మొగలో చేరి మేట వేస్తుంది. దాన్ని కడలిలోకి నెట్టేసే సత్తువ నదికి ఉండదు. మళ్లీ వరదొస్తే దారి మారిపోతుంది. నిన్న పడవ వెళ్లినచోట ఇవాళ మోకాలి లోతు! అందుకే మత్స్యకారులు పోటు కోసం కాచుకోవాలి. గాలివాన ముంచుకొస్తుంటే రేవు కనిపిస్తూనే ఉన్నా లోపలికి రాలేకపోవడం కన్నా నరకం ఏముంటుంది?

మాధవాయిపాలెం, సఖినేటిపల్లి రేవుల మధ్య జనాన్ని దాటించేది పంటు. వరద పెరిగితే అదీ ఆగుతుంది. అక్కడ వంతెన కావాలన్నది ఇరుగట్ల జనం ఏళ్లనాటి కోరిక. రేవుకు వంతెన బదులు కావచ్చు... మొగకు బదులు లేదు. వరద తీసిన ప్రతిసారీ లోతు కొలిచి, మేట తీసి, దారి చూపే గుర్తులు పెట్టడమే మార్గం. రోడ్డు మీద గొయ్యి అందరికీ కనిపిస్తుంది. నీటి కింది మేట మాత్రం పడవ అడుగు తగిలితేనే తెలుస్తుంది!