కూరగాయకు లేని కులం కూరకెక్కడిది?

అమీర్‌పేటలో బస్సు దిగే చోటి పేరు మైత్రీవనం. అప్పటి హుడా కట్టిన కాంప్లెక్సు. పేరుకు స్నేహపు తోట. చూద్దామంటే చెట్టు లేదు. ఉన్నవన్నీ కంప్యూటర్ కోర్సుల బోర్డులు, కరపత్రాలు పంచే పిల్లలు, గల్లీ గల్లీకి హాస్టళ్లు. మన వాడల నుంచి సర్టిఫికెట్ల సంచీతో వచ్చిన పిల్లలు కూడా ఆ గదుల్లోనే ఉంటారు.

ఆ చుట్టుపక్కలే ఒక మిద్దె మీద నలుగురు కలిసి తోట వేశారు. ఎవరు పండించింది వాళ్లు వండుకొచ్చి అందరం కలిసి తిందామని ఒక ఆదివారం పిలిచారు. మేమూ పోయినం. మాలో ఒకామె పుంటికూర పప్పు చేసింది. తొట్టిలో తానే నీళ్లు పోసి పెంచిన ఆకు. బీరకాయలు, వంకాయలు చేతులు మారేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. గిన్నె మూత తీసినంక ఒకాయన నవ్వుకుంటనే అడిగాడు: "అమ్మా, మీదే ఊరు? ఇంటిపేరేంది?" ఆమె దాచకుండా చెప్పింది. ఆ గిన్నె సగం కూడా ఖాళీ కాలేదు. "మాకు పులుపు పడదండీ" అన్నారు. పక్క గిన్నెలో చింతపండు పులుసు మాత్రం రెండోసారి వడ్డించుకున్నారు.

వాళ్ల పేర్లు రాయం. ఇది ఒక్క మిద్దె సంగతి కాదు. మనం నాటిన వరి, మనం కోసిన వంకాయ దొర గడప దాటి వంటింట్లోకి పోతాయి. అవే మన పొయ్యి మీద ఉడికితే మైల! 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడిలో వండిన భోజనం పెట్టాలంది. వంటవాళ్లుగా దళితులకు, ఆదివాసులకు ముందు అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పాల్సొచ్చింది. ఎందుకు చెప్పాల్సొచ్చిందో మనకు ఎవరైనా చెప్పాలా?

సహపంక్తి భోజనాలూ మనం చూసినవే. వాడకొస్తారు, విస్తరి ముందు కూర్చుంటారు, ఫొటో దిగి పోతారు. కలిసి తిన్నంత మాత్రాన కులం చావదని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చారు. అట్లని కలిసి తినడం దండగ అనం. ఎవరి నేలలో పండింది, ఎవరి గిన్నెలోంచి వడ్డించారు అని అడుగుతున్నం.

జహీరాబాద్ వైపు చూడండి. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. బీడు నేలల్ని కలిసి సాగు చేశారు. జొన్న, సజ్జ, కొర్ర, కంది ఒకే చేన్లో కలిపి వేశారు. విత్తనం ఇంట్లోనే దాచుకున్నారు. 1990లలో ఊరి జొన్నలు ఊర్లోనే నిల్వ చేసి పేదిండ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదోళ్లో ఊరే తేల్చింది. విత్తకుండా మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి పెద్ద రైతుకు కలుపు, వాళ్లకు కూర. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాల దగ్గరికొచ్చింది. అక్కడ మన ఆడవాళ్లు ఎవరి పంక్తిలోనూ చుట్టాలు కాదు. చేను వాళ్లది, గింజ వాళ్లది, గరిటె వాళ్లది.

మరి మిగతా మనకు నేలేది? 2014 ఆగస్టు 15న తెలంగాణలో దళితులకు మూడెకరాల పథకం మొదలైంది. కొద్దిమందికే అంది ఆగిపోయింది. అసైన్డు భూమి చేతులు మారొద్దని 1977 నుంచి చట్టముంది. మీ ఊర్లో ఎంత మారిందో పహాణీ తీసి చూడండి.

అందుకే మా మాట ఒకటే. వాడ పక్క బంజరు కానీ, హాస్టల్ వెనక జాగా కానీ సంఘంగా అడగండి. కూరగాయలు వేయండి. పంట చేతికొచ్చిన రోజు ఊరందరినీ మన వాడకే పిలవండి. పొయ్యి కాడ ఆడవాళ్లనే నిలబెట్టకండి, మగవాళ్లూ వండాలి. ఎవరొచ్చారు, ఎవరు తిన్నారు, ఎవరు తిన్నట్టు చేసి లేచిపోయారు, రాసి పెట్టుకోండి.

ఆ రోజు మిగిలిన పుంటికూర హాస్టల్ గదికి తెచ్చుకున్నం. పిల్లలు గిన్నె ఊడ్చి తిన్నారు. ఆ మిద్దె మీదికే మళ్లీ వండుకొని పోతానంటున్నది ఆమె. ఈసారి ఒక్కదాన్నే పంపం. పదిమందిమి, పది గిన్నెలతో పోతం.

జై భీమ్!